అజ్నాలా పళ్ళు, సిక్కోలు అంగిళ్ళు

పంజాబ్‌లో అమృత్‌సర్ దగ్గర అజ్నాలా అనే ఊరుంది. అక్కడి గురుద్వారా అడుగున పాతబావి ఒకటి పూడిపోయి ఉందని తరతరాలుగా చెప్పుకునేవారు. 2014లో ఊరివాళ్ళే పూనుకుని దాన్ని తవ్వారు. గుట్టలుగా ఎముకలు, పుర్రెలు, వేల సంఖ్యలో పళ్ళు, వాటి మధ్య బ్రిటిష్ కాలపు నాణేలు, పతకాలు బయటపడ్డాయి. 1857 జులై చివర్లో లాహోరు పక్కన మియాన్ మీర్ కంటోన్మెంటులో తిరగబడి పారిపోయిన 26వ బెంగాల్ నేటివ్ ఇన్‌ఫాంట్రీ సిపాయిలలో 282 మంది అజ్నాలాలో ప్రాణాలు పోగొట్టుకున్నారు. శవాలను బావిలో వేయించిన సంగతి నాటి అమృత్‌సర్ డిప్యూటీ కమిషనర్ ఫ్రెడరిక్ కూపర్ తన పుస్తకంలో తానే రాసుకున్నాడు.

అంత రాతపూర్వకంగా ఉన్నా అనుమానాలు తీరలేదు. ఇవి 1947 దేశవిభజన అల్లర్లలో చనిపోయినవారి అస్థికలు కావచ్చని కొందరు వాదించారు. తేల్చుదామంటే ఎముకలు పనికిరాని స్థితిలో ఉన్నాయి. పురావస్తు నిపుణులు లేకుండా తవ్వడంతో చాలావరకు ముక్కలు చెక్కలైపోయాయి. ఉన్నంతలో చెక్కుచెదరనివి పళ్ళే.

పంజాబ్ విశ్వవిద్యాలయంలో మానవశాస్త్రవేత్త జగ్‌మహేందర్ సింగ్ సెహ్రావత్ ఆ పళ్ళ మీద ఏళ్ళ తరబడి పనిచేశారు. హైదరాబాదులోని సీసీఎంబీ, లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థ, కాశీ హిందూ విశ్వవిద్యాలయం ఆయనకు తోడయ్యాయి. 50 నమూనాల్లో డీఎన్ఏ చూశారు, 85 నమూనాల్లో ఆక్సిజన్ ఐసోటోపుల పాళ్ళు కొలిచారు. ఫలితాలు 2022లో అచ్చయ్యాయి. బావిలో ఉన్నవాళ్ళు పంజాబీలు కారు. ఉత్తరప్రదేశ్ తూర్పు ప్రాంతం, బీహార్, బెంగాల్, మొత్తంగా గంగామైదానం నుంచి వచ్చినవాళ్ళు. ఆ పటాలంలో సిపాయిలు అక్కడివారేనన్న చారిత్రక పత్రాలతో ఇది సరిగ్గా సరిపోయింది.

నూటయాభై ఏళ్ళకు పైగా మట్టిలో నానిన పన్ను తన యజమాని ఏ నీళ్ళు తాగి పెరిగాడో ఎలా చెబుతుంది?

పన్ను పైపొర ఎనామిల్. మానవ శరీరంలో దీన్ని మించిన గట్టి పదార్థం లేదు. దాని బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే. ఎముకలో ఉన్నట్టు ఇందులో కణాలుండవు, రక్తనాళాలుండవు. ఎముకను శరీరం జీవితాంతం కొంచెం కొంచెంగా కరిగించి మళ్ళీ కట్టుకుంటూ ఉంటుంది. ఎనామిల్ జోలికి మాత్రం పోదు. చిన్నప్పుడు చిగురులోపల తయారైనదే చివరిదాకా ఉంటుంది, అరిగితే అరిగినట్టే. మొదటి పెద్ద దవడ పన్ను ఎనామిల్ పుట్టిన దగ్గర్నుంచి మూడేళ్ళలోపు ఏర్పడుతుంది. ఆ వయసులో తాగిన నీటిలోని ఆక్సిజన్ అందులో చేరిపోతుంది. వాన నీటిలో బరువైన ఆక్సిజన్, తేలికైన ఆక్సిజన్ ఉండే పాళ్ళు ప్రాంతాన్ని బట్టి మారతాయి. అందుకే మీర్జాపూర్ బావి నీళ్ళు తాగి పెరిగిన పిల్లవాడు పాతికేళ్ళు వచ్చాక లాహోరులో ఉద్యోగం చేసినా పంటిలో పాత చిరునామా అలాగే ఉంటుంది.

డీఎన్ఏ సంగతి ఇంకొంచెం సున్నితమైనది. గట్టి పొరల లోపల గుజ్జు ఉంటుంది. దాని చుట్టూ డెంటిన్, వేరు మీద సిమెంటమ్ అనే పొర. ప్రాచీన డీఎన్ఏ తీసే ప్రయోగశాలలో మనిషి కళ్ళు తప్ప ఇంకేమీ కనిపించకుండా సూటు తొడుక్కుంటాడు. అతని ఊపిరిలోంచి, చర్మంలోంచి రాలే కణాలే అన్నిటికన్నా పెద్ద ప్రమాదం కాబట్టి. పంటిని బ్లీచింగ్ ద్రావణంతో తుడిచి, అతినీలలోహిత కాంతి కింద పెట్టి, పైపొర గీకి పారేసి, వేరు భాగాన్ని చిన్న డ్రిల్లుతో పొడి చేస్తారు. ఆ చిటికెడు పొడిలో కాల్షియాన్ని కరిగించి, ప్రొటీన్‌ను విరగ్గొట్టి, మిగిలిన దాంట్లోంచి తునాతునకలైన డీఎన్ఏ పోగులను ఏరుకుంటారు.

ఇదంతా ఈ పాతికముప్పై ఏళ్ళ సాంకేతికత. దానికి ఎంతో ముందే, పన్ను సాక్ష్యం చెబుతుందని ప్యారిస్ నగరం ఘోరమైన రీతిలో తెలుసుకుంది.

1897 మే 4న అక్కడ ధర్మకార్యాలకు డబ్బు పోగుచేసేందుకు ఏటా జరిపే సంత నడుస్తోంది. కర్రలతో, గుడ్డతో, రంగుల అట్టలతో మధ్యయుగపు వీధిలా కట్టిన పందిరి. అప్పుడప్పుడే వచ్చిన సినిమా యంత్రాన్ని కూడా ఒక మూల పెట్టారు. దాని దీపానికి వాడే ఈథర్ అంటుకుంది. నిమిషాల్లో పందిరంతా బూడిదైంది. సుమారు 126 మంది చనిపోయారు, వారిలో అత్యధికులు పెద్దింటి ఆడవాళ్ళు. నగలనుబట్టి, మిగిలిన బట్టపేలికలనుబట్టి చాలామందిని గుర్తుపట్టారు గానీ, ఆస్ట్రియా మహారాణి ఎలిజబెత్ చెల్లెలైన అలాఁసోఁ డచెస్ ఆచూకీ దొరకలేదు. అప్పుడు పరాగ్వే దేశపు కాన్సుల్ ఆల్బర్ట్ హాన్స్, వీళ్ళ పళ్ళ డాక్టర్లను పిలిపించండి అని సలహా ఇచ్చాడు. డచెస్ దంతవైద్యుడు ఐజక్ డావెన్‌పోర్ట్ తన చీటీలతో వచ్చి, తాను పెట్టిన బంగారు ఫిల్లింగులను చూసి ఆమెను గుర్తుపట్టాడు. క్యూబాలో పుట్టి ప్యారిస్‌లో స్థిరపడ్డ దంతవైద్యుడు ఆస్కార్ అమోయెదో ఈ అనుభవాన్నంతా కూర్చి 1898లో ఒక గ్రంథం రాశాడు. న్యాయవైద్యంలో దంతశాస్త్రం ఒక శాఖగా నిలబడింది ఆ పుస్తకంతోనే.

పద్ధతి ఇవాళ్టికీ అదే. పెద్దవాళ్ళకు 32 పళ్ళు. ఒక్కో పంటికి అయిదు ముఖాలు చొప్పున లెక్కేస్తే 160. ఒక్కో ముఖం మీద ఫిల్లింగు ఉండొచ్చు, పుచ్చు ఉండొచ్చు, ఏదీ లేకపోవచ్చు. పన్నుకు పన్నే ఊడి ఉండొచ్చు, వంకరగా మొలిచి ఉండొచ్చు, క్యాపు వేసి ఉండొచ్చు. చాలా దేశాల్లో వాడే రెండంకెల పద్ధతిలో 36 అని రాస్తే కింది దవడ ఎడమవైపు మొదటి పెద్ద దవడ పన్ను అని అర్థం. ఏ భాషవాడికైనా అదే అర్థం. రూట్ కెనాల్ చేసిన పంటి ఎక్స్‌రే ఒక్కటి ఉన్నా చాలు. వేరులో నింపిన పదార్థం ఆకారం, ఎముకలోని గీతలు ఇద్దరిలో ఒకేలా ఉండటం దాదాపు అసాధ్యం. నిప్పుల్లో కాలినప్పుడు పెదవులు, బుగ్గలు, నాలుక కొంతసేపు అడ్డుగా నిలుస్తాయి కాబట్టి వెనకపళ్ళు మిగతా శరీరం కన్నా ఎక్కువసేపు తట్టుకుంటాయి.

పెద్ద ప్రమాదాల్లో మృతులను గుర్తించడానికి ఇంటర్‌పోల్ మూడింటినే ప్రధాన ఆధారాలుగా ఒప్పుకుంటుంది. వేలిముద్రలు, డీఎన్ఏ, పళ్ళు. 2004 డిసెంబరు సునామీ తర్వాత థాయిలాండ్ తీరంలో ఎండకు, ఉప్పునీటికి శవాలు త్వరగా పాడైపోయాయి. తొలి నెలల్లో విదేశీ పర్యాటకులలో ఎక్కువమందిని వాళ్ళ దేశాల నుంచి తెప్పించిన దంతరికార్డులతోనే పోల్చి గుర్తించారు. అక్కడి స్థానికుల విషయంలో ఈ దారి అంతగా ఉపయోగపడలేదు. కారణం సులభంగానే ఊహించవచ్చు. పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళినవాళ్ళే తక్కువ, వెళ్ళినా కాగితం మిగలలేదు.

మన పరిస్థితీ అదే. 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర బెంగళూరు నుంచి హైదరాబాదు వస్తున్న వోల్వో బస్సు తగలబడి 45 మంది సజీవదహనమయ్యారు. ఎవరి బిడ్డ ఎవరో తేల్చడానికి బంధువుల రక్తం తీసుకుని డీఎన్ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది. ఫలితాలు వచ్చేదాకా ఆ కుటుంబాలు శవాల కోసం ఎదురుచూశాయి. ఆ బస్సులో ప్రయాణించినవారిలో ఎందరో నగరాల్లో చదువుకున్న, ఉద్యోగాలు చేసే యువతీయువకులు. వారిలో కొందరికైనా ఏదో ఒక క్లినిక్‌లో పంటి ఎక్స్‌రే తీసే ఉంటారు. పన్ను పీకినా, సిమెంటు పెట్టినా ఒక చార్టులో రాసుకుని, పదేళ్ళు దాచే అలవాటు మన క్లినిక్కులకు రావాలి. ఇందుకు ఖర్చయ్యేది దాదాపు ఏమీ లేదు.

పేరు తెలియని శవం దొరికినప్పుడు ముందు వయసు కావాలి. స్వీడన్ దంతవైద్యుడు గోస్టా గుస్టాఫ్‌సన్ 1950లోనే పంటిని నిలువుగా కోసి అరుగుదల, వేరు పారదర్శకత వంటి ఆరు మార్పులకు మార్కులు వేసి వయసు లెక్కగట్టే పద్ధతి చెప్పాడు. 2005లో స్టాక్‌హోం కరోలిన్‌స్కా సంస్థ శాస్త్రవేత్తలు కిర్‌స్టీ స్పాల్డింగ్, యోనాస్ ఫ్రిసేన్ బృందం మరో దారి కనిపెట్టింది. 1950ల మధ్య నుంచి 1963 దాకా అమెరికా, సోవియట్ రష్యాలు ఆకాశంలో పేల్చిన అణుబాంబుల వల్ల గాలిలో కార్బన్-14 దాదాపు రెట్టింపైంది. పరీక్షలు ఆగాక ఏటా తగ్గుతూ వచ్చింది. ఆ కార్బన్ మొక్కల్లోకి, అన్నంలోకి, పిల్లల పళ్ళలోకి చేరింది. ఎనామిల్‌లో కార్బన్-14 ఎంతుందో కొలిస్తే ఆ పన్ను ఏ సంవత్సరంలో ఏర్పడిందో తెలుస్తుంది. దాన్నిబట్టి పుట్టిన సంవత్సరం సగటున ఏడాదిన్నర తేడాలో దొరికింది. ఎవరినో చంపడానికి తయారుచేసిన ఆయుధం తాలూకు జాడ, ఎవరో తెలియని మనిషికి పుట్టినేడు తిరిగి ఇస్తోంది.

ఇంత గట్టి శాస్త్రం పక్కనే అంత గట్టిది కాని దాన్ని కూర్చోబెట్టకూడదు. అదే పంటిగాట్ల విశ్లేషణ. చర్మం మీద కొరికిన గుర్తును నిందితుడి పళ్ళ అచ్చుతో పోల్చడం. 2012 డిసెంబరు ఢిల్లీ నిర్భయ కేసులో ధార్వాడ్ ఎస్‌డీఎం దంతవైద్య కళాశాలకు చెందిన అశిత్ ఆచార్య గాట్ల ఫోటోలను, నిందితుల దంతనమూనాలను పోల్చి నివేదిక ఇచ్చారు. 2017 మే 5 నాటి తీర్పులో సుప్రీంకోర్టు దాన్ని పరిగణనలోకి తీసుకుంది. అయితే ఆ కేసులో డీఎన్ఏ ఉంది, మరణవాంగ్మూలం ఉంది, ప్రత్యక్షసాక్షి ఉన్నాడు. గాటు ఒక్కదాని మీదే కేసు నిలబెడితే ఏమవుతుందో అమెరికాలో రే క్రోన్ అనే తపాలా ఉద్యోగి అనుభవించాడు. అరిజోనాలో ఒక హత్య కేసులో మృతురాలి ఒంటి మీది గాటు అతని వంకరపళ్ళతో సరిపోయిందని నిపుణుడు చెప్పగా 1992లో మరణశిక్ష పడింది. పదేళ్ళ తర్వాత, 2002లో, డీఎన్ఏ అసలు దోషిని పట్టించింది. క్రోన్ బయటికి వచ్చాడు.

చర్మం మైనం కాదు. సాగుతుంది, వాస్తుంది, కమిలి రంగు మారుతుంది. ఎక్కువగా ముందుపళ్ళు మాత్రమే గుర్తు వేస్తాయి. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2022లో విడుదల చేసిన సమీక్షలో ఈ పద్ధతికి తగినంత శాస్త్రీయ ఆధారం లేదని తేల్చిచెప్పింది. ఫిల్లింగులను, ఎక్స్‌రేలను పోల్చి మృతుణ్ణి గుర్తించడం వేరు, గాటును బట్టి బతికున్న మనిషిని ఉరికంబం దాకా తీసుకెళ్ళడం వేరు. మన న్యాయస్థానాలూ, పోలీసు శిక్షణ సంస్థలూ ఈ రెంటినీ ఒకే గాటన కట్టకుండా ఉంటే మేలు. గాటు దగ్గర లాలాజలాన్ని దూదితో ఒత్తి డీఎన్ఏ తీయడం అన్నిటికన్నా నమ్మదగిన పని.

పన్ను నుంచి ఒక్క అంగుళం పక్కకు జరిగితే నోటిలో ఇంకో లోకం. బుగ్గ లోపలి పొర, నాలుక అడుగు, అంగిలి. ఎనామిల్ ఏదీ మరిచిపోదు, ఈ మెత్తటి పొర ఏదీ గుర్తుంచుకోదు. కొద్ది రోజులకోసారి పాత కణాలు రాలిపోయి కొత్తవి వస్తాయి. వేడి టీకి కాలినా, పన్ను కొరికినా వారం పదిరోజుల్లో మానిపోయేది అందుకే. అందుకే రెండు మూడు వారాలు దాటినా మానని పుండు, పోని మచ్చ నోట్లో ఉంటే దాన్ని వైద్యులు తీవ్రంగా తీసుకుంటారు. మానిపోవాల్సిన చోట మానలేదంటే లోపల ఏదో లెక్క తప్పింది.

అలాంటి మచ్చలను ప్రపంచానికి చూపించిన ఊళ్ళు మన శ్రీకాకుళం జిల్లాలో ఉన్నాయి.

ఉత్తరాంధ్ర తీరంలో ఆడవాళ్ళకు అడ్డపొగ అలవాటు. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పెదాలు మూసి తాగుతారు. సముద్రపు గాలికి ఆరిపోదని, ఎక్కువసేపు వస్తుందని, పంటినొప్పికి మంచిదని, పని చేసుకుంటూ తాగొచ్చని రకరకాల కారణాలు చెబుతారు. కూతుళ్ళు తల్లుల దగ్గర నేర్చుకున్న అలవాటిది. నిప్పు నేరుగా అంగిలికి తగులుతుంది. మిగతా ప్రపంచంలో అంగిలి క్యాన్సర్ అరుదు. ఇక్కడ అది మామూలుగా కనిపిస్తోందని డి.జి. రెడ్డి, వి.కె. రావు 1957లో వైద్యపత్రికలో రాశారు.

దీన్ని పెద్ద ఎత్తున కొలిచింది భౌతికశాస్త్రానికి పేరుపడ్డ టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్. అక్కడ దంతపరిశోధనకు ఒక విభాగం ఉండేది. ఫలీ మెహతా నాయకత్వంలో, డెన్మార్క్ నుంచి వచ్చిన యెన్స్ పిండ్‌బోర్గ్ తోడ్పాటుతో అయిదు జిల్లాల్లో ఇంటింటికీ తిరిగి 50,915 మంది గ్రామస్థుల నోళ్ళు చూశారు. ఎర్నాకులం, భావ్‌నగర్, దర్భంగా, సింగ్‌భూం, శ్రీకాకుళం. 1969లో ఆ ఫలితాలు వచ్చాయి. ఒక్క శ్రీకాకుళం మీదే, 10,169 మందిని పరీక్షించి, 1971లో ప్రత్యేకంగా మరో పత్రం వేశారు. వాళ్ళలో పదిమందికి నలుగురి కన్నా ఎక్కువమంది అడ్డపొగ తాగేవాళ్ళే. అంగిలి మీద తెల్లగా దళసరెక్కిన పొర, అందులో సన్నటి లాలాజల గ్రంథుల మూతుల దగ్గర ఎర్రటి చుక్కలు, కొన్నిచోట్ల ఎర్రగా పలచబడ్డ జాగా, రంగు పోయిన మచ్చలు. క్యాన్సర్‌కు ముందు నోరు ఏ మెట్లు దిగుతుందో వాళ్ళు పటం గీసినట్టు నమోదు చేశారు. తర్వాతి ఏళ్ళలో పొగాకు మానమని ఇంటింటికీ వెళ్ళి చెబుతూ, సినిమాలు చూపిస్తూ చేసిన ప్రయత్నం 1986లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. చెప్పినచోట మానేసినవాళ్ళు పెరిగారు. పల్లెటూరి ముసలమ్మకు ఎంత చెప్పినా వినదన్న మాటకు శాస్త్రం ఇచ్చిన జవాబు అది.

ఇప్పుడు చుట్టలు తగ్గాయి. వాటి స్థానంలోకి రంగురంగుల పొట్లాలు వచ్చాయి. వక్కపొడి, పాన్ మసాలా, గుట్కా. వక్కలోని అరెకోలిన్ బుగ్గ లోపలి కణాలను రెచ్చగొట్టి నారలాంటి కణజాలాన్ని అతిగా ఉత్పత్తి చేయిస్తుంది. వక్కలోని రాగి ఆ నారలను ఒకదానికొకటి బిగించే ఎంజైముకు బలమిస్తుంది. మొదట కారం తగిలితే నోరు భగ్గుమంటుంది. పచ్చడి మానేస్తారు, తర్వాత కూరలో కారం తగ్గిస్తారు. ఆ తర్వాత బుగ్గలు తాళ్ళు కట్టినట్టు బిగుసుకుంటాయి. మామూలు మనిషి తన మూడు వేళ్ళను నిలువుగా పళ్ళ మధ్య పెట్టుకోగలడు. బుగ్గలు బిగుసుకున్నవాళ్ళకు రెండు పట్టవు, చివరికి ఒకటీ పట్టదు. ముద్ద నోట్లోకి పోదు. 1952లో కెన్యాలోని భారతీయ స్త్రీలలో ష్వార్ట్జ్ అనే వైద్యుడు, 1953లో బొంబాయిలో ఎస్.జి. జోషి ఈ జబ్బును వర్ణించారు. అప్పట్లో అది నడివయసు వాళ్ళ జబ్బు. గుట్కా వచ్చాక ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళకూ వస్తోంది. పొగాకు కలవని వక్క కూడా క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2003లోనే నిర్ధారించింది. 2011 ఆహార నిబంధనల ఆధారంగా రాష్ట్రాలు గుట్కాను నిషేధిస్తే, పాన్ మసాలా ఒక పొట్లంలో, పొగాకు ఇంకో పొట్లంలో అమ్మడం మొదలైంది. కొనుక్కున్నవాడు అరచేతిలో కలుపుకుంటున్నాడు. పిల్లల బడి పక్క కొట్లో వేలాడుతున్న ఆ రెండు దండలను చూసి ఊరుకోవడం ఏ ప్రభుత్వానికీ తగదు.

2020లో దేశంలో సుమారు 1,36,000 మందికి కొత్తగా నోటి క్యాన్సర్ వచ్చిందని, 75,000 మంది చనిపోయారని అంతర్జాతీయ అంచనా. పాశ్చాత్య దేశాల్లో నాలుక క్యాన్సర్ ఎక్కువైతే, మన దగ్గర బుగ్గకూ చిగురుకూ మధ్య, పొట్లం దాచుకునే చోట వచ్చేది ఎక్కువ. అంతర్జాతీయ క్యాన్సర్ జన్యుపటాల కార్యక్రమంలో భారత్ ఎంచుకున్నది ఈ క్యాన్సర్‌నే.

దీన్ని ముందే పట్టుకోవడానికి స్కానింగులు అక్కర్లేదు. తిరువనంతపురం ప్రాంతీయ క్యాన్సర్ కేంద్రం 1996లో 13 పంచాయతీలలో ఒక ప్రయోగం మొదలుపెట్టింది. ఏడు పంచాయతీల్లో శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇంటికి వెళ్ళి, 35 ఏళ్ళు దాటిన వాళ్ళ నోటిలో టార్చిలైటు వేసి చూశారు. ఆరు పంచాయతీల్లో చూడలేదు. మొత్తం సుమారు 1,92,000 మంది. పొగాకు, మద్యం అలవాటున్న వాళ్ళలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గాయని ఆర్. శంకరనారాయణన్ బృందం 2005లో ప్రకటించింది. కంటిచూపుతో చేసే పరీక్ష ప్రాణాలు కాపాడుతుందని యాదృచ్ఛిక పద్ధతిలో నిరూపించిన ఈ ప్రయోగం కేరళలో జరిగింది.

ఆ పరీక్ష ఇలా ఉంటుంది. కట్టుడుపళ్ళుంటే తీయిస్తారు. పెదవిని వెనక్కి తిప్పి లోపలి వైపు చూస్తారు. చెక్కపుల్లతో ఒక బుగ్గను పక్కకు లాగి, చిగురుకూ బుగ్గకూ మధ్య లోయంతా వెలుగు వేస్తారు, తర్వాత రెండో బుగ్గ. నాలుక చివరను గుడ్డముక్కతో పట్టుకుని కుడికి, ఎడమకి లాగి అంచులు చూస్తారు. నాలుక పైకెత్తమని అడుగున చూస్తారు. తల వెనక్కి వాల్చి అంగిలి. చివరగా వేళ్ళతో దవడ కింద, మెడకు రెండువైపులా గడ్డలున్నాయేమో తడుముతారు. రెండు మూడు నిమిషాల పని.

ముప్పై ఏళ్ళు దాటినవారందరికీ ఈ పరీక్ష చేయాలని 2016లో కేంద్ర ఆరోగ్యశాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో జీవితంలో ఒక్కసారైనా నోటి క్యాన్సర్ పరీక్ష చేయించుకున్నామన్నవాళ్ళు స్త్రీలలో 0.9 శాతం, పురుషులలో 1.2 శాతం. బావిలో పడి నూటయాభై ఏళ్ళైన సిపాయి ఏ నీళ్ళు తాగాడో చెప్పగలిగిన దేశంలో, ఎదురుగా కూర్చున్న మనిషిని నోరు తెరవమని అడగడం ఇంత అరుదు కావడం మనసును కలచివేస్తుంది. పంటినొప్పికి వచ్చిన ప్రతి మనిషి నోటినీ మొత్తం చూసే అవకాశం దంతవైద్యులకే ఉంది.

క్యాన్సర్ వచ్చాక వైద్యం సాధారణంగా కత్తితోనే మొదలవుతుంది. చిన్న గడ్డ, మెడలో ఏమీ తగలడం లేదు, అలాంటప్పుడు మెడలోని లింఫ్ గ్రంథులను ముందే తీసేయాలా, అవి ఉబ్బినప్పుడు తీయాలా అన్నది యాభై ఏళ్ళు నలిగిన ప్రశ్న. ముంబయి టాటా మెమోరియల్‌లో అనిల్ డిక్రూజ్ బృందం రోగులను రెండు వర్గాలు చేసి తేల్చింది. ముందే తీసేసినవారిలో మూడేళ్ళ తర్వాత 80 శాతం, వేచిచూసినవారిలో 67.5 శాతం బతికి ఉన్నారు. 2015లో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో వచ్చిన ఈ ఫలితం చాలా దేశాల్లో శస్త్రచికిత్స తీరునే మార్చింది.

దవడ తీసేయాల్సి వస్తే ముఖం కుంగిపోతుంది, నమలడం పోతుంది. 1989లో న్యూయార్క్‌కు చెందిన డేవిడ్ హిడాల్గో కాలి ఎముకతో దవడ కట్టే పద్ధతిని ప్రకటించాడు. మోకాలి కింద ఉండే రెండు ఎముకల్లో సన్నటిది శరీరం బరువు పెద్దగా మొయ్యదు. మోకాలి దగ్గర, చీలమండ దగ్గర కొంత వదిలి మధ్యభాగాన్ని దాని రక్తనాళంతో సహా తీసి, రెండు మూడు చోట్ల కోసి దవడ వంపుకు తగ్గట్టు అమర్చి, మెడలోని రక్తనాళాలకు సూక్ష్మదర్శిని కింద కుడతారు. ఇప్పుడు సీటీ స్కాన్ చూసి కంప్యూటరులో ముందే కొలతలు తీసుకుని, ఎక్కడ ఎంత కోణంలో కోయాలో చూపే అచ్చులను త్రీడీ ప్రింటరులో చేయించుకుంటున్నారు. ఆ ఎముకలోకి టైటానియం మేకులు దించి పళ్ళు బిగించవచ్చు. ఎముక టైటానియంను తనలో కలుపుకుంటుందని స్వీడన్‌లో బ్రోనెమార్క్ 1950లలో కుందేళ్ళ మీద గమనించిన విషయం ఇక్కడికి చేరింది.

తర్వాత రేడియేషన్, మన ఊళ్ళలో కరెంటు పెట్టడం అంటారు. దానికి పంపేముందు దంతవైద్యుడి దగ్గరికి వెళ్ళి తీరాలి, ఈ సంగతి చాలామంది రోగులకు తెలియదు. రేడియేషన్ తగిలిన దవడ ఎముకకు రక్తప్రసరణ తగ్గిపోతుంది. ఆ తర్వాత పుచ్చిపన్ను పీకితే గాయం మానక ఎముక కుళ్ళిపోయే ప్రమాదముంది. అందుకే పీకాల్సిన పళ్ళను రెండు వారాల ముందే పీకి, గాయం మానాక చికిత్స మొదలుపెడతారు. లాలాజల గ్రంథులు దెబ్బతింటే నోరు ఎండిపోయి మిగతా పళ్ళు వరసగా పుచ్చుతాయి. ఫ్లోరైడ్ జెల్ రోజూ వాడాలి. గ్రంథులను తప్పించి కిరణాలను మలిచే ఐఎంఆర్‌టీ పద్ధతి మేలని 2011లో బ్రిటన్ పరిశోధన చూపింది. పాత పద్ధతిలో ఏడాది తర్వాత 74 శాతం మందికి నోరు చెప్పుకోదగ్గంతగా ఎండిపోతే, కొత్తదాంట్లో 38 శాతం మందికే అలా జరిగింది.

శస్త్రచికిత్సకు లొంగనంత ముదిరినా, తిరగబెట్టినా మిగిలేది మందులు. శరీర రోగనిరోధక కణాలకు క్యాన్సర్ వేసిన కళ్ళేన్ని తీసేసే ఇమ్యునోథెరపీ మందులు వచ్చి పదేళ్ళు దాటింది. ధర మాత్రం మన రోగుల్లో నూటికి తొంభైమందికి పైగా అందదు. టాటా మెమోరియల్‌లో విజయ్ పాటిల్ బృందం ధైర్యం చేసింది. నివొలుమాబ్‌ను మామూలు మోతాదులో పదోవంతు కన్నా తక్కువగా, మూడు వారాలకొకసారి 20 మిల్లీగ్రాములు, చవకైన మూడు మాత్రలకు తోడుగా ఇచ్చింది. తల, మెడ క్యాన్సర్ ముదిరిన 151 మంది మీద పరీక్ష. మాత్రలు మాత్రమే తీసుకున్నవారిలో ఏడాదికి 16.3 శాతం, చిన్న మోతాదు కూడా తీసుకున్నవారిలో 43.4 శాతం బతికి ఉన్నారు. మధ్యస్థ ఆయుష్షు 6.7 నెలల నుంచి 10.1 నెలలకు పెరిగింది.

ఇదే వరసలోని పెంబ్రొలిజుమాబ్‌ను ఆపరేషనుకు ముందు రెండు విడతలు, తర్వాత మరిన్ని విడతలు ఇస్తే క్యాన్సర్ తిరగబెట్టడం తగ్గుతుందని 714 మంది మీద జరిగిన అంతర్జాతీయ పరీక్ష 2025లో చూపింది. మూడేళ్ళకు జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవారు మందు లేనివారిలో 46.4 శాతం, మందు తీసుకున్నవారిలో 57.6 శాతం. ఆ ఏడాది జూన్‌లో అమెరికా దానికి అనుమతి ఇచ్చింది. ఆ పరీక్షలో వాడింది పూర్తి మోతాదు. ఆపరేషనుకు ముందు కూడా చిన్న మోతాదు సరిపోతుందా అన్నది హైదరాబాదు ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి వరండాలో తుండుగుడ్డతో బుగ్గ కప్పుకుని కూర్చున్న రోగికి ఎంతో అవసరమైన ప్రశ్న. దాన్ని తేల్చే పరీక్షలు ఖరీదు భరించలేని మనలాంటి దేశాల ఆసుపత్రుల్లోనే జరగాలి.